గాలి ఆడే బుట్ట

మా మేనత్త మొన్న ఆదివారం పోయింది. ప్రార్థనకు వచ్చిన పాస్టరు గారు "దేవుడు పిలుచుకున్నాడు" అన్నారు. నేను ఒప్పుకోను. దేవుడు పిలిచేదాకా ఉండనిచ్చారా ఆమెను? గుంటూరు మిరపకాయల గోదాములో కిటికీలు బిగించి, ఆ ఘాటులో కూర్చోబెట్టి ఏళ్ళ తరబడి తొడిమలు తీయించారు. దగ్గి దగ్గి చనిపోయింది. పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలట. నాకు చేతకాదు.

ఆమె వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడో మనిషి గడప బయటే. కూలి డబ్బుల్లో మిగుల్చుకుని తెచ్చే పళ్ళు నేల మీద పెడదామంటే చోటు లేదు. ఉన్నా ఎలుకలు ఊరుకోవు. అందుకని గోదాములో పారేసిన మిరపకాయల బుట్టలు తెచ్చి, కడిగి, దూలానికి కొబ్బరితాళ్ళతో ఒకదాని కింద ఒకటి వేలాడదీసింది. గట్టి కాయలు పైన, దోరవి నడుమ, పండినవి అడుగున. అడుగు బుట్ట పేటలో పిల్లల చేతికి అందేది. ఎవరూ అడగక్కర్లేదు, తీసుకోవడమే.

ఎంత కడిగినా ఆ బుట్టల్లో కారం పోదు. మొదటిసారి జామపండు కొరికి, పెదాలు మండి గంతులేశాను.

"మండిందా అల్లుడా? మండనీ. ఎవరి కష్టం తింటున్నావో గుర్తుంటుందిలే," అని నవ్వింది.

కూలీల సంఘం కోసం నేను రాసే కరపత్రాలు ఆమెకు చదివి వినిపించేవాణ్ణి. పొయ్యి ఊదుకుంటూ వినేది. మర్నాటికి అవి సపోటాల కింద పరిచి ఉండేవి.

"అత్తా! పళ్ళ కింద పరచడానికా అచ్చేసింది?"

"అరవమాకురా. ఈ బుట్ట దగ్గరికి పేటంతా వస్తన్నారు. నీ మీటింగుకి ఎంతమంది వచ్చారేంటి?"

ఒళ్ళు మండిపోయింది. అయినా ఒక సపోటా తీసుకునే బయటికొచ్చాను.

రోజూ పొద్దున్నే పళ్ళను నొక్కకుండా తిప్పి పెట్టేది. "గాలి ఆడాలిరా. లేకపోతే ఎంత మంచి కాయైనా కుళ్ళిపోద్ది" అనేది. గోదాము షావుకారునూ ఆ గాలే అడిగింది: "అయ్యా, ఆ ఒక్క కిటికీ తెరిపించండి. ఊపిరాడటం లేదు."

"గాలి తగిలితే కాయ ఆరి తూకం తగ్గుద్దమ్మా. పైట అడ్డం పెట్టుకో," అన్నాడు ఆ మహానుభావుడు. జామకాయకు దొరికిన గాలి మా అత్తకు దొరకలేదు!

సమాధుల తోట నుంచి తిరిగొచ్చేసరికి షావుకారు అరటిగెల పంపించాడు. రోడ్డు మీదకు విసిరేయబోయాను. గోదాములో అత్త పక్కనే కూర్చుని తొడిమలు తీసే పొరుగింటి పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"పండేం చేసిందిరా నిన్ను? ఇటివ్వు."

పళ్ళు పిల్లలకు పంచింది. అడుగు బుట్టను తాడుతో సహా విప్పుకుని వెళ్ళింది.

మర్నాడు గోదాముకు వెళ్ళాను. ఆడవాళ్ళు కిటికీ బార్లా తెరిచి, రెక్కలు మూసుకోకుండా వాటికి అడ్డంగా ఆ బుట్టను పై చువ్వకు కట్టేశారు. గుమాస్తా కేకలు వేస్తున్నాడు. తొడిమలు తుంచుతున్న చేతులు ఆగలేదు. పిన్ని తలైనా ఎత్తలేదు.

"అందులో జామపండుంది, కావాలంటే తీసుకోండి. బుట్ట మాత్రం దిగదు."

ఎర్రటి దుమ్ము కిటికీలోంచి బయటికి పోతోంది. దానికి ఎదురుగా బుట్ట మెల్లగా ఊగుతోంది.