సదాపాకు, గళ్ళచొక్కా

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నా ఉద్యోగమూ నా పరిశోధనా ఆ పెరటి చెట్టు మీదే. దాని పేరు సదాప. పాతకాలపు ఇళ్ళలో పసిపిల్లలకి రాసే నూనెలో వేసి కాచే ఆకు. పుట్టిల్లు మాత్రం మన నేల కాదు. మధ్యధరా సముద్రం ఒడ్డున రాళ్ళగుట్టల్లో, నీళ్ళు లేకుండా ఎండకి ఎండుతూ పెరిగే పొద. ఎవరు తెచ్చారో, ఎప్పుడు తెచ్చారో గానీ కృష్ణ ఒడ్డున కుండీల్లో కాపురం పెట్టింది. ఈ ఉక్కలో, ఈ తడిలో ఎలా బతుకుతోందో దానికే తెలియాలి. వాసనంటారా, కొందరికి మందు, కొందరికి కంపు. పరవాలేదు అన్నవాళ్ళు నాకింతవరకు తగల్లేదు.

విజయవాడ దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో మందు మొక్కల పాఠం చెబుతాను. నేను పట్టుకున్న ప్రశ్న చిన్నది. ఎండబెట్టిన సదాపాకుని ఈ డెల్టా తేమలో నిలవ ఉంచితే అందులో నూనె ఎన్నాళ్ళుంటుంది? కాగితం సంచిలో పెట్టాలా, పాలిథిన్ కవర్లోనా, గాజుసీసాలోనా? ఆకులో నూనె అంటే వాసనే. అది పోతే మిగిలేది గడ్డి. ఇదీ ఒక పరిశోధనేనా అని పెదవి విరిచినవాళ్ళున్నారు. విరవనీ. ఊరగాయ ఎందులో పెట్టాలో తెలియనివాళ్ళకి ఊరగాయ పెట్టడం వచ్చినట్టా?

మా ఆయన వన్‌టౌన్‌లో ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసేవారు. సాయంత్రం స్కూటరేసుకుని కాలేజీ గేటు దగ్గరికొచ్చేవారు. రోజంతా ఆకు మరిగించి నూనె తీసే గదిలో ఉండేదాన్నేమో, ఆ వాసన జుట్టుకీ చీరకీ పట్టేసేది. "వచ్చింది సదాప మహాతల్లి" అని ముక్కు మూసుకునేవారు. మీ సిరా కంపు కన్నా నయమేలెండి అనేదాన్ని. అలా ఒకరి కంపుని ఒకరం ఆడిపోసుకుంటూ, ఆయన వీపుకి ఆనుకుని కూర్చుని భవానీపురం దాకా వచ్చేదాన్ని. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఇద్దరం మంచాన పడ్డాం. నేను లేచాను. ఆయన ఆస్పత్రికి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఏ వాసనా తెలియకుండా నా ముక్కు కూడా అప్పుడే పోయింది. అందరికీ పోయింది, అందరికీ వారాల్లో తిరిగొచ్చింది. నాకు రాలేదు. వస్తుందమ్మా, కొంతమందికి ఆలస్యమవుతుంది అన్నారు డాక్టరుగారు.

ఆస్పత్రికి వెళ్ళే ముందు ఆయన విడిచిన గళ్ళచొక్కా బాత్రూం తలుపు వెనక కొక్కేనికి వేలాడుతూ ఉండిపోయింది. ఉతకలేదు. కాలేజీలో ఆకు నిలవచేసే జిప్ కవరొకటి ఇంట్లో ఉంటే, చొక్కా మడిచి అందులో పెట్టి, గాలి నొక్కేసి, బీరువా పై అరలో పెట్టాను. ముక్కు తిరిగొచ్చిన రోజున తీసి వాసన చూడాలి. నాకున్న కోరిక అదొక్కటే.

వాసన లేని ఇల్లు ఎలా ఉంటుందో చెప్పినా ఎవరికీ అర్థం కాదు. పాలు మాడి గిన్నె నల్లబడేదాకా నాకు తెలిసేది కాదు. పప్పు పాచిపోయిందో లేదో తెలియక పారబోసేదాన్ని. ఒకసారి పక్కింటావిడ తలుపు దబదబా బాదింది, గ్యాస్ లీకవుతోందని. ఆ రోజు భయం వెయ్యలేదు. ఇంత కంపులో ఏమీ తెలియకుండా కూర్చున్నానే అని ఏడుపొచ్చింది. అన్నం తినడమంటే కడుపులోకి బరువు వెయ్యడమే. ఇంట్లో మనిషి లేడు, మనిషి వాసన లేదు, చివరికి మాడిన పాల వాసన కూడా లేదు.

కాలేజీలో ఇంకో తిప్పలు. మా శాస్త్రంలో ఏ ఆకునైనా మొదట చూడాల్సినవి రంగు, రుచి, వాసన. మిషన్లన్నీ ఆ తర్వాతే. సదాప మీద పనిచేసే మనిషికి సదాప వాసన తెలియదంటే నవ్విపోరూ? మా ల్యాబులో అటెండరుగా పనిచేసే ఆవిడ గుణదల నుంచి వస్తుంది. చివరికి ఆమెనే ముక్కు అరువడిగాను. ఒక్కో సీసా మూత తీసి ఆమె ముందు పెట్టేదాన్ని. ఘాటుగా ఉందా, తగ్గిందా, బూజు వాసనేమైనా ఉందా అని అడిగి రాసుకునేదాన్ని. ఆమె జవాబులు కాగితం మీద పెట్టేవి కావు. ఇది మా పెద్దోడు పుట్టినప్పటి వాసనండి అనేది. ఇంకోదానికి, ఇది వాడి రెండో ఏడు వాసనండి అనేది. సరిగ్గా చెప్పు తల్లీ అని కసిరేదాన్ని. మేడంకి ముక్కులో ఏమీ లేకపోయినా ముక్కు మీద కోపం మాత్రం అలాగే ఉందండి అని అందరితో చెప్పి నవ్వేది. ఆ మాట విన్నప్పుడు నాకూ నవ్వొచ్చింది. ఆ ఏడాది నేను నవ్వినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

వానలు పట్టాయి. బీరువాలో బట్టలకి పురుగు పట్టడం మొదలైంది. అందరూ కలరా ఉండలు పెడతారు. మా అమ్మ మాత్రం ఎండిన సదాపాకు మూటలు కట్టి చీరల మధ్య దోపేది. పరీక్షలకి పోను మిగిలిన ఆకు కాలేజీలో బోలెడుంది. తెచ్చి, పాత పంచె చింపి మూటలు కట్టి, ప్రతి అరలోనూ పెట్టాను. పురుగు పోయింది.

శీతాకాలానికి నా పరీక్షలు ఒక కొలిక్కి వచ్చాయి. గాజుసీసాలో ఆకు నూనెని నిలుపుకుంది. కాగితం సంచిలోది చాలావరకు పోయింది. పాలిథిన్ కవర్లోది కూడా పోయింది. చిల్లు లేదు, చిరుగు లేదు, జిప్ గట్టిగానే ఉంది. కంటికి కనబడకపోయినా వాసన ఆ పల్చటి కవరు గుండా మెల్లగా నడిచిపోతుంది. తోటి లెక్చరర్లు బాగుందండీ, పేపరు రాసెయ్యండి అన్నారు. నాకు బీరువా గుర్తొచ్చింది. ఇంట్లో గళ్ళచొక్కా ఉన్నది అలాంటి కవర్లోనే.

ఆ సాయంత్రమే వెడల్పు మూతి ఉన్న పెద్ద గాజుసీసా కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. బీరువా ముందు నిలబడితే అప్పుడు తట్టింది. సీసాలోకి మార్చాలంటే కవరు విప్పాలి. విప్పితే మిగిలిన కాస్తా పోతుంది. అసలు ఏమైనా మిగిలిందా? నాకా, వాసన తెలియదు. పక్కింటావిడని పిలిచి వాసన చూడమంటే? అటెండరుని పిలిస్తే? వాళ్ళు చొక్కా వాసన చెప్పగలరు గానీ, అది ఆయన వాసనో కాదో ఎలా చెబుతారు? ఆయన వాసన తెలిసిన మనిషిని ఈ లోకంలో నేనొక్కదాన్నే. ఆ మాట నాకు నేను చెప్పుకుని బీరువా మూసేశాను. చొక్కా కవర్లోనే ఉండిపోయింది. సీసా ఖాళీగా మంచం కిందికి చేరింది.

గుణదల చర్చిలో మాత తిరునాళ్ళు వచ్చాయి. సిటీ బస్సుల్లో కాలు పెట్టే సందు లేదు. అటెండరు సెలవు పెట్టింది. ఆ రోజుల్లోనే ఒక పొద్దున, కాలేజీకి తయారవుతూ చీర కోసం బీరువా తెరిచాను.

గుప్పుమంది. సదాప! ఘాటుగా, చేదుగా, ముక్కుపుటాలు మండేలా. తలుపు పట్టుకుని పిచ్చిదానిలా నవ్వాను. ఎవరికి చెప్పను? ఖాళీ ఇంట్లో పైకే అనేశాను, "ఏమండీ, వచ్చేసింది" అని.

వెంటనే పై అర మీదికి చెయ్యి పోయింది. కవరు విప్పాను. చొక్కాలో మొహం దాచుకున్నాను.

సదాప. కాలరు దగ్గర సదాప. చంకల దగ్గర సదాప. చేతుల మడతల్లోనూ సదాపే.

కవర్లోంచి బయటికి పోయేది కవర్లోకి కూడా వస్తుంది. ఈ ముక్క నేను పిల్లలకి పాఠంలో చెబుతాను. పోయేదాని గురించే దిగులుపడ్డాను గానీ, వచ్చేదాని గురించి ఒక్క క్షణం ఆలోచించలేదు. నాకు వాసన తెలియకపోయేసరికి బీరువాలోని మూటలకి వాసనుంటుందనే మరిచిపోయాను. చేతులారా నేనే పెట్టాను. ఆ మూటలన్నీ లాగి వీధిలోకి విసిరికొట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ఆ రోజు కాలేజీకి వెళ్ళలేదు, పొయ్యి వెలిగించలేదు.

తర్వాత ఒక్కొక్క వాసనా తిరిగొచ్చింది. కాఫీ, ఇంగువ, కాలవ గట్టు మీద చేపలు. వన్‌టౌన్‌లో ప్రెస్సులున్న సందుకి వెళ్ళి నిలబడ్డాను. సిరా వాసన వచ్చింది. అది ఒట్టి సిరా వాసనే, ఆయనది కాదు.

అటెండరు తిరునాళ్ళ నుంచి తిరిగి రాగానే, మీ ముక్కు కోసం కొవ్వొత్తి వెలిగించానండి అంది. వచ్చేసిందిలే అన్నాను. ఆమె సంబరపడుతుంటే, ఎప్పట్నించో గొంతులో ఉన్నది అడిగేశాను. సార్ నాకోసం గేటు దగ్గరికొచ్చేవారు కదా, ఆయన దగ్గర ఏ వాసన వచ్చేదో నీకేమైనా గుర్తుందా అని.

ఆమె ఆలోచించనైనా లేదు. "మీ వాసనేనండి, మేడం. మన ఆకు వాసన. రోజూ మీరు వెనకాల ఆనుకుని కూర్చునేవారు కదండీ."

అయితే చొక్కాలో ఉన్న సదాప బీరువాదా, స్కూటరుదా? మా మిషను ఎంత ఉందో చెబుతుంది గానీ, ఎప్పటిదో చెప్పదు. చొక్కాని గాజుసీసాలో పెట్టి బిరడా బిగించాను. ఆయన వాసన ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే సిరా, కిరసనాయిలు, కొబ్బరినూనె, చెమట అని చెప్పగలను. అవి మాటలు. కళ్ళు మూసుకుని ఎంత వెతికినా ఆ వాసన మాత్రం గుర్తు రావడం లేదు. తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే, నేనూ మరిచిపోయాను.