అక్కను తిట్టే పని

నా చిన్నప్పుడు మా ఇల్లందు బొగ్గుగని క్వార్టర్లలో పెద్దవాళ్ళను తిడితే వీపు విమానం మోత మోగేది. అలాంటి చోట, రోజూ వచ్చి తనను తిట్టమని నన్ను బతిమాలింది మా పక్కింటి అక్క ఒక్కతే.

అక్క కొత్తగూడెంలో కాలేజీలో చేరిన మొదటి ఏడే బాస్కెట్‌బాల్ జట్టులోకి వెళ్ళింది. ఆ ఆట చలవతోనే హాస్టల్లో సీటు దొరికింది. మొదటి మ్యాచ్ ఖమ్మంలో. చివర్లో అక్కకు రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. అంటే గీత దగ్గర నిలబడి రింగులోకి బంతి వేయడమే, ఎవరూ చేతులు అడ్డం పెట్టకూడదు. నోళ్ళు పెట్టకూడదని మాత్రం ఎవరూ రాయలేదు. "బంతి ముట్టకే, బొగ్గంటుతది!" అని గోడలెక్కిన జనం ఒకటే గోల. అక్క చేతులు వణికాయి. రెండు బంతులూ బయటికే పోయాయి, జట్టు ఓడింది. తిరుగు బస్సులో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదట. కాళ్ళు బార్లా చాపుకొని హాయిగా వచ్చానని చెప్పింది గానీ, చెప్పేటప్పుడు కళ్ళు ఎర్రగానే ఉన్నాయి.

ఆటలు నేర్పే పీడీ సారు ఇంకొక్క మ్యాచ్ చూస్తానన్నారు. అదీ ఖమ్మంలోనే. మళ్ళీ చేతులు వణికితే జట్టులోంచి పేరు పోతుంది, దాని వెంట హాస్టల్ సీటు పోతుంది. "గా ఎగురుడు లేకుంటే ఇంట్ల కూసో, చదివినకాడికి చాలు" అని వాళ్ళ నాన్న ముందే తేల్చేశాడు. గని వర్క్‌షాపులో ఇనుప చువ్వ వంచి, రింగు చేసి, కాలనీ మంచినీళ్ళ నల్లా పక్క స్తంభానికి బిగించిందీ ఆ నాన్నే. మాట వేరు, చెయ్యి వేరు మా కాలనీ నాన్నలకు.

దసరా సెలవుల్లో అక్క అక్కడ సాధన మొదలుపెట్టింది. ఎవరూ లేనప్పుడు బంతులన్నీ బుద్ధిగా రింగులో పడేవి. బాగా పడటమే ఆమెకు బెంగ పట్టించింది. నన్ను పిలిచింది.

"నేను బంతేస్తుంటే తిట్టవే."

"ఎందుకక్కా? నువ్వేం జేసినవ్?"

"ఏం జెయ్యకున్నా తిడతరే మనుషులు. తిట్టు."

నేను చాలాసేపు ఆలోచించి, "నీకు ఆట రాదక్కా" అన్నాను.

"గిదేం తిట్టే? హారతిచ్చినట్టున్నది. అక్కా గిక్కా తీసెయ్."

తిట్ల చదువు కోసం నేను నల్లా దగ్గర నిలబడ్డాను. సాయంత్రం నీళ్ళు వచ్చినప్పుడు వరుస కోసం బిందెలూ ఆడవాళ్ళూ కలబడేవారు. నీళ్ళతోపాటే తిట్లూ మొదలయ్యేవి, నీళ్ళే ముందు ఆగిపోయేవి. బళ్ళో ఏనాడూ విననంత శ్రద్ధగా విన్నాను. "అవి చేతులా, చీపురుకట్టలా?" దాకా వచ్చాను. "మీ నాయిన వంచిన రింగు గూడ నిన్ను జూసి మూతి ముడుసుకున్నది!" అన్న రోజు మా అమ్మ విని నా చెవి మెలేసింది.

"కొట్టకు చిన్నమ్మా, నేనే తిట్టమన్న" అంటూ అక్క అడ్డం వచ్చింది.

"తిట్టించుకునుడు గూడ కాలేజీల నేర్పుతున్నరా?" అని మా అమ్మ నోరెళ్ళబెట్టింది.

ఆపైన నల్లా దగ్గరి వాళ్ళు కూడా అందుకున్నారు. నా తిట్లు సాధన కోసమని వాళ్ళకు తెలియదు. ఆడపిల్ల నిక్కరేసుకొని ఎగరడమేందని మనస్ఫూర్తిగానే తిట్టారు. నావి ఉత్తుత్తి తిట్లు, వాళ్ళవి అసలువి. అవి తగిలిన రోజు అక్క పెదవి కొరుక్కునేది, బంతి మాత్రం ఆపేది కాదు.

రెండో మ్యాచ్‌కు నన్నూ వెంట తీసుకెళ్ళింది. మళ్ళీ అదే గోడలు, అవే నోళ్ళు. ఆట ముగిసే వేళకు మావాళ్ళు ఒక్క పాయింటు వెనక ఉన్నారు, అక్కకు రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. జనం అరిచారు. మా నల్లా ముందు ఖమ్మం తిట్లు నీళ్ళు కలిపిన పాలే. మొదటి బంతి లోపలికి పోయింది. సమానం.

అప్పుడు అవతలి జట్టు కెప్టెన్, పొడుగు పిల్ల, అక్కను ఒకసారి తేరిపార చూసింది. జనం వైపు తిరిగి పెదవుల మీద వేలు పెట్టింది. మైదానం మొత్తం గప్‌చుప్. పీనుగెళ్ళిన ఇల్లులా ఉంది. అక్క బంతి పట్టుకుని నిలబడింది. ఆ బంతి సన్నగా వణకడం నాకు కూర్చున్న చోటికి కనిపించింది. మేం దేనికైనా తయారుగా వచ్చాం, మర్యాదకు తప్ప.

నేను బెంచీ ఎక్కాను. "నిలవడి నిద్రవోతున్నవా, దున్నపోతా! నీ చేతులకు చీమలు వట్టినయా?" అని గొంతు చిరిగేలా అరిచాను.

అందరూ నా వైపు తిరిగారు, అక్క తప్ప. ఆమె భుజాలు కాస్త కిందికి దిగాయి. బంతి పోయింది. లోపలికే.

పీడీ సారు అక్కను మెచ్చుకోవడం మాని నేరుగా నా మీదికొచ్చారు. "ఎవరి పిల్లవే? మనోళ్ళనే తిడతవా?"

"నా మనిషే సార్" అంది అక్క, రొప్పుతూ.

మ్యాచ్ గెలిచాం, హాస్టల్ సీటు నిలబడింది. తిరుగు బస్సులో అక్క పక్కన కూర్చోవడానికి జట్టంతా తోసుకుంది. నన్ను డ్రైవరు వెనక బంతుల సంచీ మీద కూలేశారు.

ఇన్నేళ్ళలో నేను తిన్న తిట్లకు లెక్కలేదు. ఎవరైనా గొంతు పెంచితే నా చేతులు కుదురుగానే ఉంటాయి. గదిలో అందరూ ఒక్కసారిగా మర్యాదగా ఊరుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. అప్పుడు చుట్టూ వెతుక్కుంటాను, బెంచీ ఎక్కి నన్ను తిట్టే మనిషి ఒక్కరైనా ఉన్నారేమోనని.