మామ మన్ను పంచాయితీ

ఆ రోజుల్లో ఈ భూమ్మీద నాకు తెలియని మన్ను లేదని నా గట్టి నమ్మకం. వ్యవసాయ డిగ్రీ అప్పుడే చేతికొచ్చింది. అనంతపురంలో ఒక మట్టి పరీక్షల ల్యాబులో ‘తాత్కాలికం’ అన్న ముద్రతో ఉద్యోగమూ దొరికింది. బుక్కరాయసముద్రంలో ఒక గది అద్దెకు తీసుకుని, అక్కడి నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. ఎవరి ఇంటికి భోజనానికి పిలిచినా ముందు వాళ్ల పెరట్లో పిడికెడు మట్టి తీసి, వేళ్ల మధ్య నలిపి, కళ్లు సగం మూసుకుని ఆలోచించేదాన్ని. (వాళ్లు వెంటనే చెయ్యి కడుక్కోమని చెంబుతో నీళ్లు ఇచ్చేవాళ్లు. అది నా చదువుకు జరుగుతున్న మర్యాద అనుకునేదాన్ని.) లోకంలో ప్రతి తగాదాకూ తను చదివిన పుస్తకంలోనే తీర్పు ఉందని అనిపించే వయసు ఒకటుంటుంది. నాకు ఆ వయసు మిగతావాళ్ల కంటే కాస్త ఎక్కువ కాలమే నడిచింది.

మాది నల్లమాడ వైపు ఒక మెట్ట పల్లె. అమ్మ పుట్టిల్లు గుట్టకు అవతలి పక్క ఊరు. మా తాత, అంటే అమ్మ వాళ్ల నాయన, గుట్ట వాలులో ఉన్న తన చేనును అడ్డంగా రెండు చేసి, కింది సగం కూతురికి పసుపు కుంకుమ కింద ఇచ్చాడు. పై సగం కొడుక్కు, అంటే అమ్మ తమ్ముడైన మా మామకు మిగిలింది. రెండింటి మధ్యా మోకాలెత్తు మట్టిగట్టు. పనులు లేని రోజుల్లో మామ, నాయన ఆ గట్టు మీదే కూర్చుని ఒకే అగ్గిపుల్లతో రెండు బీడీలు ముట్టించుకుని ప్రభుత్వాలను మార్చేవాళ్లు. ఇక మామకూ అమ్మకూ మధ్య ఉన్న ప్రేమ సంగతి చెప్పనక్కర్లేదు. అమ్మకు జ్వరం వస్తే అదే ఇంట్లో ఉన్న మాకంటే గుట్టకు అవతల ఉన్న మామకే ముందు తెలిసేది. పొద్దున కాఫీ తాగుతూ ఒకసారి, సాయంత్రం గేదె పాలు పితికాక ఒకసారి ఆ అక్కాతమ్ముళ్లు ఫోన్లో మాట్లాడుకోవాలి. ఏం కూర చేశావు అన్న ప్రశ్నకే అరగంట పట్టేది.

మా సీమలో వాన రాకపోవడం ఒక బాధ, రావడం ఇంకో బాధ. నెలల తరబడి మొహం చాటేసిన వాన ఒక సాయంత్రం హఠాత్తుగా వచ్చి, బాకీలన్నీ ఒకేసారి తీర్చేస్తానన్నట్టు కుమ్మరించి పోతుంది. ఆ ఏడాది మామ శెనక్కాయ విత్తించిన మర్నాడే అలాంటి వాన పడింది. ట్రాక్టరు డ్రైవరుకు తిప్పడం సులువని మామ ఎప్పుడూ చేనును వాలు వెంబడే, పైనుంచి కిందికి దున్నించేవాడు. అంటే ప్రతి సాలూ వాననీళ్లకు కష్టపడి తవ్వి ఇచ్చిన కాలువే. నీళ్లు ఆ మర్యాదను కాదనలేదు. గట్టుకు గండి కొట్టి, మామ చేను మీది మెత్తని ఎర్రమన్నును విత్తనాలతో సహా తీసుకొచ్చి మా చేనులో మేట వేసి పోయాయి. వారం పది రోజులకు, నాయన వేసుకున్న కంది సాళ్ల మధ్య శెనక్కాయ మొలకలు గుంపుగా లేచి నిలబడ్డాయి.

“బావా, నీ కంది సేనులో శెనక్కాయ మొలిసిండాది, సూసినావా?” అన్నాడు మామ గట్టు మీద నిలబడి.

“సూసినా. వానే ఇత్తిపోయింది,” అన్నాడు నాయన.

“ఇత్తనం నాది. దాని కింద మన్ను గూడా నాదే.”

“నేనేమన్నా పార ఎత్తుకోనొచ్చి తోడుకున్యానా అప్పా? దానంతట అదొచ్చి పండుకుంది.”

అప్పటికి ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారట. కానీ మామ చేను మీద మిగిలింది ముతక గరుగు, గులకరాళ్లు. తిరిగి విత్తించినా మొక్క సరిగ్గా లేవలేదు. గట్టు మీద నుంచి చూస్తే కింద తన విత్తనం పచ్చగా ఊగుతోంది. చూసిన కొద్దీ నవ్వు తగ్గి, ఒక రోజు పొద్దున్నే మామ సిమెంటు సంచి నిండా ఆ మేట మట్టి ఎత్తుకుని మా ల్యాబుకు వచ్చాడు. (బస్సులో కండక్టరు ఏముందని అడిగితే “మన్ను” అన్నాడట. కండక్టరు అది తిట్టు అనుకుని ఇంక మాట్లాడలేదట.)

“ఇది ఎవురిదో తేల్సి సెప్పు పాపా,” అన్నాడు, సంచి నా బల్ల మీద దించి.

పక్క బల్లల వాళ్లు నవ్వారు. మా సారు కళ్లజోడు సర్దుకుని, “మట్టిలో సారం చెప్పగలం గానీ యజమాని పేరు చెప్పలేమమ్మా, కాఫీ ఇప్పించి పంపించు,” అన్నారు. నేను నవ్వలేదు. ఒక రైతు శాస్త్రాన్ని నమ్మి ఇంత దూరం వస్తే కాఫీతో పంపించడమా అనిపించింది. ఆదివారం నేనే చేను దగ్గరికి వస్తానని, పద్ధతి ప్రకారం తేలుస్తానని మాట ఇచ్చాను.

ఆదివారం అందరూ వచ్చారు. అమ్మ సంగటి ముద్దలు, ఊరిబిండి పచ్చడి గిన్నెలో పెట్టుకుని గట్టు పక్కన కూర్చుంది. నేను పై చేనులో అక్కడక్కడా చిన్న గుంటలు తీసి, ఆ మట్టినంతా గోనెపట్టా మీద పోసి కలిపి, గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసి అవతల పారేశాను. మిగిలింది మళ్లీ కలిపి, మళ్లీ సగం పారేశాను. అది పద్ధతి. మామ కాసేపు ఓపిక పట్టాడు.

“మన్ను పోయిందని నేను ఏడుస్తాంటే, ఉండేదాన్ని గూడా పారేస్తాండావేంది పాపా?” అన్నాడు.

నమూనా అంటే ఏమిటో వివరించాను. మామ వింటూనే, నేను పారేసిన మట్టిని చేత్తో ఎత్తి మళ్లీ తన చేనులో చల్లుకున్నాడు. తరువాత అసలు ప్రదర్శన. రెండు గాజు సీసాలు తెచ్చాను. ఒకదానిలో మామ చేనులో మిగిలిన మట్టి, రెండోదానిలో మా చేనులో వేసిన మేట మట్టి పోసి, నీళ్లు నింపి, బాగా కుదిపి గట్టు మీద నిలబెట్టాను. కాసేపటికి మొదటి సీసాలో అడుగంతా ఇసుకా గరుగూ కూర్చుంది. రెండోదానిలో ఇసుక కొంచెమే, దాని మీద వెన్నలాంటి మెత్తని పొర మందంగా పేరుకుంటోంది. నాకు ఒళ్లు పులకరించింది. క్లాసులో కూడా ఇంత చక్కగా రాలేదు. “చూశారా, పారే నీళ్లు బరువైన గరుగును వదిలేసి, తేలికైన మెత్తని మన్నునే ఎత్తుకుపోతాయి. మొక్కకు కావలసిన సారమంతా అందులోనే ఉంటుంది. పోయేది ఎప్పుడూ మంచిదే!” అని చప్పట్లు కొట్టినంత పని చేశాను. (ఎదురుగా ఉన్నవాళ్లలో ఒకరు పోగొట్టుకున్నవారనీ, ఒకరు పొందినవారనీ పాఠంలో రాయలేదు.)

మామ రెండో సీసా ఎత్తి ఎండకు పట్టి చాలాసేపు చూశాడు.

“అంటే నా సేను సారమంతా ఈడుండాది,” అన్నాడు. తరువాత ఎవరి వైపూ చూడకుండా, “సగం భూమి ఇచ్చినాం. సాలకపాయ. ఇంక మన్ను గూడా ఇయ్యల్లనా?” అన్నాడు.

నాయన బీడీ తీసి కింద పడేశాడు. అమ్మ గిన్నె మూత పెట్టి, చెంగు దులుపుకుని, ఎవరికీ సంగటి పెట్టకుండానే ఇంటిదారి పట్టింది. ఆ రోజు నుంచి పొద్దుటి ఫోనూ లేదు, సాయంత్రం ఫోనూ లేదు. “నా నాయన నాకిచ్చిన భూమిని వాడు లెక్కగట్టినాడు. ఇంక ఆ గడప తొక్కను,” అని నాయనతో ఒక్కసారే చెప్పిందట. నేను ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ మొదటి రింగుకే ఎత్తేది. నా గొంతు విని, “ఓ, నువ్వా,” అనేది. ఆ రెండు మాటలు విన్నప్పుడల్లా నాకు నిజంగా భయం వేసేది. మట్టికి పరీక్ష చేయబోయి మా అమ్మకు పుట్టిల్లు లేకుండా చేశానేమో అనిపించేది.

అయినా బుద్ధి రాలేదు. మళ్లీ పుస్తకమే తెరిచాను. రెండు చేలదీ ఒకే మట్టి అని ల్యాబులో తేలింది. తేలక ఏమవుతుంది, తాత గట్టు వేయకముందు అది ఒకే చేను! ఈ ముక్కతో ఇద్దరికీ రాజీ కుదిర్చేస్తానని మరో ఆదివారం వాళ్లను గట్టు దగ్గరికి బతిమాలి పిలిపించాను. “ఈ మన్ను మీ ఇద్దరిదీ కాదు. ఆ గుట్ట మీది బండ ఉంది చూశారూ, అదే ఎండకు పగిలి, వానకు నాని, కొన్ని వేల ఏళ్లుగా పొడైపొడై ఇక్కడికి దిగింది. మీరు పుట్టకముందు నుంచీ మన్ను కిందికి నడుస్తూనే ఉంది. అందుకని, అసలు చూస్తే, ఇది గుట్టది,” అన్నాను.

మామ నాయన వైపు చూశాడు. ఆ గొడవ తరువాత వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకోవడం అదే మొదటిసారి.

“గుట్ట పోరంబోకు కదా బావా?” అన్నాడు మామ.

“అవు. గవర్నమెంటుది,” అన్నాడు నాయన. ఆ వెంటనే నా మీదికి తిరిగాడు. “ఏం పాపా, నిన్ను సదివించింది మన సేన్లు గవర్నమెంటుకు రాసియ్యనీకా?”

“ఈ మాట ఊర్లో యాడా అనాకు. తాసిల్దారు వింటే కొంప మునుగుతాది,” అన్నాడు మామ.

ఇద్దరూ కలిసి నాకు గడ్డి పెట్టడం మొదలుపెట్టారు. ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకున్నారు. రాజీ కుదిరిందనే చెప్పాలి గానీ, అది నేను అనుకున్న దారిలో రాలేదు. సరిగ్గా అప్పుడే మా చేను మూలలో మేట వేసిన చోట అమ్మ కనిపించింది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. పారతో మన్ను తోడి గంపకెత్తుకుని, తల మీద పెట్టుకుని, మా ముందు నుంచే గట్టెక్కి, మామ చేనులో గుమ్మరించి, మళ్లీ కిందికి దిగింది. మా వైపు చూడలేదు. చెరువు మన్ను తోలి చేలకు వేసుకోవడం మాకు మామూలే గనుక దారినపోయేవాళ్లు ముందు పట్టించుకోలేదు. ఆడమనిషి ఒక్కతే మోస్తోందని చూసి సైకిళ్లు ఆపారు.

“అక్కా, ఏం పని ఇది? దించు,” అని మామ పరిగెత్తాడు.

“నా నాయన ఇచ్చింది నాకు సాలు. నీ మన్ను నాకొద్దు. జరుగు.”

“నేనేదో కడుపుమంటలో ఒక మాటన్యా. దానికి నెత్తిన గంప ఎత్తుకుంటావా?”

అమ్మ జరగలేదు. మామ గంప లాక్కుని, అందులోని మన్నును మా చేనులోనే పోశాడు. అమ్మ మళ్లీ నింపింది. మామ మళ్లీ లాక్కున్నాడు. ఈసారి అమ్మ పైన పోసి వచ్చిన కుప్పను కూడా గంపకెత్తి కిందికి తెచ్చాడు. అమ్మ పైకి మోస్తుంది, మామ కిందికి మోస్తాడు. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు, నోట్లో తిట్లు. మన్ను మాత్రం ఉన్నచోటే ఉంది.

“ఆ గంపను యాడో ఒగసోట నిలబెట్టండప్పా,” అన్నాడు నాయన చివరికి.

మామ గట్టు మీద కూలబడ్డాడు, రొప్పుతూ. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. తమ్ముడి వైపు తిరిగి, “పొద్దున ఏమన్నా తిన్యావా?” అని అడిగింది. మామ తల అడ్డంగా ఊపాడు. “తినకుండా మన్ను మోయనీకి వస్తాడు, మొగోడు,” అని అమ్మ ఇంటివైపు కదిలింది. మామ ఆమె వెనకాలే నడిచాడు. నన్ను ఎవరూ పిలవలేదు. సంగటి అయిపోతుందేమోనని నేనే వెళ్లాను.

మన్ను మా చేనులోనే ఉండిపోయింది. ఆ తరువాత గట్టిగా వాన పడినప్పుడల్లా నాయన మామకు ఫోన్ చేసేవాడు. “ఏమప్పా, నీ మన్నొచ్చింది. వచ్చి ఎత్తుకపో,” అని. మామ బండి మీద ఖాళీ గోనెసంచి వేసుకుని వచ్చేవాడు. అమ్మ చేత తినిపించుకుని, పందిరి కింద ఒక కునుకు తీసి, నాయనతో బీడీ కాల్చి, ఖాళీ సంచితోనే వెళ్లిపోయేవాడు. సంచి మడత విప్పడం నేనెప్పుడూ చూడలేదు.

నాకు మాత్రం అది వృత్తిపరంగా అవమానంగా ఉండేది. ఊరూరా తిరిగి మట్టి కోత ఆపండని చెప్పే మనిషి సొంత మామ చేనులోనే మట్టి కొట్టుకుపోవడమా! ఏళ్ల తరబడి వెంటపడి, మామ చేత వాలుకు అడ్డంగా దున్నించాను. మట్టిగట్టు తీయించి రాళ్లతో కట్టించాను. పై వరసన గడ్డి నాటించాను. పోయిన ఏడాది పెద్ద వాన పడినప్పుడు ప్రత్యేకంగా సెలవు పెట్టి వెళ్లి చూశాను. రాళ్ల సందుల్లోంచి నీళ్లు తేటగా దిగుతున్నాయి. ఒక్క పిడికెడు మన్ను కూడా కిందికి రాలేదు. ఇంతకాలం తరువాత నా చదువు పని చేసిందని నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

నాయన అరుగు మీద ఫోను చేత్తో పట్టుకుని మొహం ముడుచుకుని కూర్చున్నాడు.

“మన్ను రాలేదు నాయనా, చూశావా?” అన్నాను.

“సూసినా. ఇంక ఏమని సెప్పి పిలిసేది మీ మామను?”

“ఊరికే రమ్మను.”

“ఊరికే ఎట్ల రమ్మంటారు? పనుండల్ల కదా,” అన్నాడు. లోపల అమ్మకు వినపడకుండా గొంతు తగ్గించి, “ఆ మూలన రెండు రాళ్లు పీకితే ఏమైతాది పాపా? మీ శాస్త్రం ఒప్పుకోదా?” అని అడిగాడు.

ఆ వయసులో అయితే అక్కడికక్కడే గంటసేపు పాఠం చెప్పి ఉండేదాన్ని. ఇప్పుడు మాత్రం చేను వైపు నడిచాను. గట్టు మూలన, అవతలి పక్క నుంచి, తువ్వాలు తలకు చుట్టుకున్న మామ వంగి ఒక రాయిని కదిలిస్తున్నాడు. పక్కనే బండి, బండి మీద మడత పెట్టిన సంచి. నన్ను చూసి ఆయన ఏమీ తడబడలేదు.

“మంచిదైంది వచ్చినావు. ఇదొగటి గట్టిగా కూర్సోనుండాది. ఒక సెయ్యెయ్యి పాపా,” అన్నాడు.

ఉద్యోగరీత్యా నేను ఆ రాయిని తాకకూడదు. ల్యాబులో ఈమధ్యే కొత్త డిగ్రీతో చేరిన పిల్ల ఒకతి ఉంది, ఆ పిల్ల చూసి ఉంటే నా మీద నివేదిక రాసి పైకి పంపేది. చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, రెండో కొసన పట్టుకున్నాను.