వాలులో పెట్టిన కారు

మొన్న మాదాపూర్‌లో మా ఆఫీసు సెల్లార్‌లో, బ్యాటరీ మార్చడానికి వచ్చిన మనిషి నా కారు బానెట్ ఎత్తగానే పుల్లటి వాసన ఒకటి, దాని వెనకే వాజిలిన్ వాసన ఒకటి గుప్పుమన్నాయి. చుట్టూ వరసలు వరసలుగా కార్లు, చెవిలో ఇంకా నడుస్తున్న మీటింగు, అయినా నేను మాత్రం ఉన్నపళాన చందానగర్‌లో మా పాత వీధి వాలు మీద, రెండు జడలతో, స్కూలు సంచీతో నిలబడి ఉన్నాను. చిన్నతనం అనగానే కొందరికి మల్లెపూల వాసన గుర్తొస్తుంది, కొందరికి కొత్త ఆవకాయ. నాకు బ్యాటరీ. ఏం చేస్తాం, ఎవరి అదృష్టం వాళ్ళది.

మా నాన్నగారు గుంటూరు వైపు నుంచి సర్కారు ఉద్యోగం మీద వచ్చి చందానగర్‌లో ఇల్లు కట్టుకున్న మనిషి. ఇల్లు పూర్తయిన ఏడాదే ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. దానికి బ్యాటరీ తప్ప అన్నీ బాగానే ఉండేవి. బ్యాటరీ మార్చేస్తే గొడవ వదిలిపోయేది, కానీ నాన్నగారు మార్చరు. బ్యాటరీ అనేది చచ్చిపోయే వస్తువు కాదనీ, అలిసిపోతుందంతేననీ, కాస్త విశ్రాంతి, కాస్త డిస్టిల్డ్ వాటర్ ఇస్తే మళ్ళీ లేచి కూర్చుంటుందనీ ఆయన సిద్ధాంతం. ఆదివారం పూట దాన్ని ఊడదీసి వరండాలో పీట వేసి కూర్చోబెట్టేవారు. దాని మీద పేరుకున్న తెల్లటి పొడిని వంటసోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, పాత పంచె ముక్కతో తుడిచి, వాజిలిన్ పూసేవారు. చలికాలంలో మా పెదాలు పగిలి రక్తం వస్తున్నా ఆ డబ్బా మాకు అందేది కాదు, అది బ్యాటరీ గారిది. రోజూ పడుకునే ముందు కారు తలుపులు సరిగ్గా పడ్డాయో లేదో చూసి రావడం కూడా ఆయన అలవాటు. పసిపిల్లకు దుప్పటి సరిచేసి వచ్చినట్టు వచ్చి, అప్పుడు నిద్రపోయేవారు.

ఇంత సేవ చేసినా అది పొద్దున్నే లేచేది కాదు. అందుకని మా కారు ఎప్పుడూ వీధి పైకొసన, మూతి కిందికి పెట్టి, చక్రాల కింద రాళ్ళతో నిలబడి ఉండేది. ఆ పైకొసన ఉన్నది నర్సింహులు ఇల్లు. నాలుగు తరాలుగా అక్కడే ఉన్న కుటుంబం, ఇంటి వెనక గేదెలు, వీధికంతా వాళ్ళ పాలే. ఆయన భార్య బాలమ్మ పొద్దున్నే వాకిట్లో పేడనీళ్ళు చల్లి ముగ్గేస్తే, మా కారు సరిగ్గా ఆ ముగ్గు మీంచే దిగేది. కొన్నాళ్ళు ఆవిడ తిట్టింది, కొన్నాళ్ళు మాట్లాడటం మానేసింది. చివరికి ఏమనుకుందో ఏమో, రెండు చక్రాలూ పోవడానికి రెండు బాటలు వదిలి మధ్యలో ముగ్గేయడం మొదలుపెట్టింది. చందానగర్‌లో కారుకు దారి వదిలిన ముగ్గు మా వీధిలోదొక్కటే అని నా నమ్మకం.

ఇక తోయడం. నాన్నగారు ఒక మూల, నర్సింహులు ఒక మూల, పాలకోసం గిన్నెలతో వచ్చినవాళ్ళు గిన్నెలు గట్టు మీద పెట్టి మధ్యలో, పిల్లలం ఎక్కడ చెయ్యి దూరితే అక్కడ. మరి స్టీరింగ్ దగ్గర ఎవరు కూర్చోవాలి? నాన్నగారిది మంచి బలమైన ఒళ్ళు, ఆయన కూర్చుంటే బరువు, తోస్తే లాభం. అమ్మ పీలగా ఉండేది, పైగా చీర కుచ్చిళ్ళతో తోయలేదు. అలా, అక్కరకు రాని మనిషిగా ఎంపికై, మా అమ్మ డ్రైవర్ సీట్లో కూర్చుంది.

"రెండో గేరు. క్లచ్ తొక్కి పట్టుకో. నేను వదులు అన్నప్పుడు వదులు. అంతకు మించి ఏమీ చెయ్యకు," అని నాన్నగారు ఆజ్ఞ.

వాలులో కారు జోరందుకోగానే ఆయన "వదులూ!" అని కేక పెట్టేవారు, అమ్మ వదిలేది, కారు ఒక్కసారి ఎక్కిళ్ళు వచ్చినట్టు ఎగిరి గుర్రుమనేది, వీధంతా చప్పట్లు కొట్టేది. కింద కిరాణా కొట్టు దగ్గర అమ్మ ఆపి, ఇంజను ఆగకుండా పట్టి ఉంచితే, నాన్నగారు రొప్పుకుంటూ వచ్చి ఎక్కేవారు. అమ్మ దిగి, కారు ముందు నుంచి చుట్టూ తిరిగి ఎడమవైపు సీట్లోకి వచ్చేది. ఆ నాలుగడుగులూ ఎంత నెమ్మదిగా వేసేదో నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

క్రమంగా ఆపే చోటు మారింది. కిరాణా కొట్టు దాటి పిండి గిర్నీ దగ్గరికి, అక్కణ్ణుంచి ఇస్త్రీ బండి దగ్గరికి, ఇంకా కిందికి. నాన్నగారి పరుగు కూడా అంతకంతకూ పొడుగైంది. "బ్రేకు కాస్త ఆలస్యంగా పడుతోందండీ," అనేది అమ్మ, ముఖంలో ఏ భావమూ లేకుండా. నిజానికి ఒకసారి ఆయన్ని అడిగింది కూడా, రోడ్డు మీదికి నేను నడుపుతాను అని. "భార్య నడుపుతుంటే నేను పక్కన కూర్చుని వెళితే వీధిలో ఏమనుకుంటారు?" అన్నారాయన. మర్నాడు బాలమ్మ దగ్గర పాలు పోయించుకుంటూ అమ్మ అంది, "ఒక్కసారి ఆ పెద్ద రోడ్డు దాకా నేనే తీసుకెళ్ళాలని ఉంది బాలమ్మా. పక్కన కూర్చుని కాదు." ఆ మాటతో నాకు అర్థమైంది, అందరికీ చాకిరీ అనిపించే బ్యాటరీ జబ్బు అమ్మకొక్కదానికే వరమని.

దసరా వచ్చింది. మా వీధిలో దసరా అంటే రెండు దసరాలు. మా ఇంట్లో గారెలు, పులిహోర, పరమాన్నం. బాలమ్మ ఇంట్లో వారం నుంచీ తంగేడు పూల వాసన, బతుకమ్మ పాటలు, సద్దుల బతుకమ్మ నాడు రొట్టెలను బెల్లంతో పిసికిన మలీద ముద్దలు, మాదాపూర్ గుట్టల నుంచి బుట్టలతో దిగే సీతాఫలాలు. ఆ గింజలు ఎవరు ఎక్కువ దూరం ఊస్తారో మాకు పందెం. పండగ రోజు కారుకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. నిమ్మకాయలు నలగాలంటే బండి కదలాలి, బండి కదలాలంటే వీధి కదలాలి. సాయంత్రం జమ్మి పూజకు పోదామని కొత్తబట్టల్లో అందరూ వచ్చి కారు వెనక నిలబడ్డారు. బాలమ్మా నేనూ ముందే వెనకసీట్లో ఎక్కేశాం.

నాన్నగారు "వదులూ!" అన్నారు, అమ్మ వదిలింది, కారు లేచింది. కిరాణా కొట్టు పోయింది, గిర్నీ పోయింది, పండగకు మూసేసిన ఇస్త్రీ బండి కూడా పోయింది.

"ఆపాలేమో," అంది అమ్మ, తనలో తనే అన్నట్టు.

"ఆపకు వదినా! ఆపితే మల్ల తోసుడే! కొత్త చీర కట్టిన, నేను దిగ!" అని బాలమ్మ వెనకనుంచి అరిచింది.

అమ్మ ఆపలేదు. చందానగర్ బజారు దాటి ముంబై హైవే ఎక్కి, లారీల పక్క నుంచి, పెదాలు బిగించి, మదీనాగూడ దాకా పోయి, అక్కడ తిరిగి, హారన్ కొట్టుకుంటూ వచ్చింది. నేను అద్దంలో అమ్మ ముఖం చూస్తూనే ఉన్నాను. అంత అందంగా అమ్మ నాకు అంతకు ముందెప్పుడూ కనిపించలేదు.

మేము తిరిగొచ్చేసరికి నాన్నగారు పట్టుపంచె ఎగ్గట్టి రోడ్డు మీద నిలబడి ఉన్నారు. పక్కన నర్సింహులు ఆయన వీపు నిమురుతూ, "జర దమ్ము తీస్కోండ్రి సార్, గింత పరేషాన్ ఎందుకు? పోయిన బండి రాకుంట ఉంటదా?" అంటున్నాడు. నాన్నగారు మర్నాడు పొద్దున్నే వెళ్ళి, ఎన్నాళ్ళనుంచో ఎంత మంది చెప్పినా కొనని కొత్త బ్యాటరీ కొనుక్కొచ్చారు.

తాళం తిప్పితే చాలు, కారు లేచి కూర్చుంది. వీధి ఊపిరి పీల్చుకుంది. అమ్మ ఎడమవైపు సీట్లో, ఒళ్ళో పర్సు పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు నుంచీ ఇంట్లో పొద్దున్నా ఉప్మా, రాత్రీ ఉప్మా మొదలయ్యాయి. నాకు ఏడుపొచ్చేది. సగం అమ్మ కోసం, సగం ఉప్మా వల్ల.

తరవాత కొద్దిరోజులకే కొత్త బ్యాటరీ పడుకుంది. చూస్తే లైట్ల స్విచ్ సగం లాగి ఉంది. "ఎవరే లైట్లు వేసి వదిలేసింది?" అని నాన్నగారు వీధంతా వినబడేలా కేకలేసి, "ఇక చేసేదేముంది, నువ్వే కూర్చో," అని అమ్మను స్టీరింగ్ దగ్గరికి పంపారు. మళ్ళీ వారానికి అదే కథ. బ్యాటరీ దుకాణం భాయ్ తల గోక్కుని, "సాబ్, బ్యాటరీ మంచిగనే ఉన్నది. మీరే లైట్లు బంద్ చేస్తలేరు," అన్నాడు. "మా ఇంట్లో మతిమరుపు మనుషులున్నారు లెండి," అన్నారు నాన్నగారు. దారిలో ఆపితే మళ్ళీ లేవదేమోనన్న వంకతో అమ్మే నాన్నగారి ఆఫీసుదాకా నడిపేది, ఆయన పక్కన పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవారు. ఇది అమ్మ పనేనని నాకు తెలుసు. చాకొలెట్ ఇస్తానన్నా బయటపెట్టకూడదని నాలో నేను ఒట్టు పెట్టుకున్నాను. ఏడాది తిరిగేసరికి అమ్మకు లైసెన్సు వచ్చింది. లైట్లు మర్చిపోవడం కూడా దానంతటదే ఆగిపోయింది.

"డిక్కీ మంచిగ పడలే మేడం, లోపల లైటు వెలుగుతనే ఉంది," అన్నాడు సెల్లార్‌లో బ్యాటరీ మనిషి. శుక్రవారం వానకు జడిసి కారు అక్కడే వదిలేసి క్యాబ్‌లో ఇంటికి పోయినదాన్ని, సోమవారం దాకా చూసుకోలేదు. బ్యాటరీ పడుకుందనీ, ఆలస్యమవుతుందనీ చెప్పడానికి మదీనాగూడలో మా ఫ్లాట్‌కి ఫోన్ చేశాను. అమ్మా నాన్నగారూ మాతోనే ఉంటారు.

"నీ పోలికే వచ్చిందమ్మా నాకు. లైటు వదిలేశాను," అన్నాను నవ్వుతూ.

"నా పోలికేంటే? నేనెప్పుడు వదిలాను?" అంది అమ్మ.

"చందానగర్‌లో! నాకంతా తెలుసులే."

అమ్మ గొంతు తగ్గించింది. "పిచ్చిదానా, నేను కాదు, మీ నాన్నగారు. పడుకునే ముందు తలుపులు చూసొస్తానని వెళ్ళి, స్విచ్ లాగి వచ్చేవారు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉండేదాన్ని. నువ్వు నడుపు అని నోటితో చెప్పలేక, పాపం. నాకు తెలుసన్న సంగతి ఆయనకు తెలియదు. ఇప్పుడు అడిగి సిగ్గుపడేలా చెయ్యకు."

వెనకనుంచి నాన్నగారి గొంతు వినిపించింది, "అమ్మాయేనా ఫోన్లో? బ్యాటరీకి వాజిలిన్ పూయమన్నావా?"

ఆ వీధి వాలును తవ్వి చదును చేసి సిమెంటు పోశారు, గేదెలున్న చోట అపార్టుమెంటు లేచింది, నా కారుకు క్లచ్ లేదు. బ్యాటరీ మనిషి బటన్ నొక్కాడు. కారు చప్పుడు లేకుండా లేచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఇంతకీ ఎవరు తోశారే?" అంది అమ్మ.

"ఎవరూ తోయలేదమ్మా. ఇది తోస్తే లేచే బండి కాదు."

"అయ్యో," అంది అమ్మ, నిజంగానే జాలిపడి.