అన్నా అని పిలవని ఊరు

దయ్యాల మాటెత్తితే నవ్వేవాణ్ని. గిద్దలూరుకు అవతల, నల్లమల అంచున ఉన్న మా ఊళ్లో ఆ రోజుల్లో అంతకంటే భయపెట్టేవి చాలానే ఉండేవి.

అడవిలో తుపాకులతో తిరిగేవాళ్లను మావాళ్లు అన్నలనేవారు. వాళ్లొచ్చి అన్నం అడిగితే పెట్టాలి. పెట్టామని తెలిస్తే పోలీసులు కొట్టేవాళ్లు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అడవి దోవకు అడ్డంగా పోలీసులు గేటు పెట్టారు. మన కడుపుకు సరిపడేదానికంటే సద్ది ఎక్కువుంటే లోపలికి వదిలేవాళ్లు కాదు.

దాంతో ఊళ్లో అన్నా అనే పిలుపే పోయింది. అది పోలీసుల చెవిన పడితే, ఎవరా అన్న అని పట్టుకునేవాళ్లు. సొంత అన్నదమ్ములు కూడా మామా, బావా అనుకునేవాళ్లు. ఊరంతా వియ్యాలవారే అయిపోయారని నవ్వుకునేవాళ్లం.

మా తమ్ముడు శీనుకు మాత్రం ఆ అలవాటు పోలేదు. ఒక వేసవిలో మేకలు తోలుకుని ముందు పోతున్న నన్ను చూసి, వాగులోంచి కేకేశాడు.

"అన్నోవ్, ఆగు, నేనూ వస్తాండా!"

అడవిలో గాలిస్తున్న పోలీసులు ఆ కేక విన్నారు. తుపాకీ మోగింది. వాడు మళ్లీ లేవలేదు.

మరుసటి ఏడు, మిట్టమధ్యాహ్నం, నేనూ నాయనా గేటు దగ్గర నిలబడ్డాం. పోలీసాయన మా సద్దిమూట విప్పి చూస్తున్నాడు. అప్పుడు వాగు వైపు నుంచి వినిపించింది.

"అన్నోవ్, ఆగు, నేనూ వస్తాండా!"

శీను గొంతే. ఓయ్ అనబోయాను. నాయన నా మణికట్టు పట్టుకుని గట్టిగా నొక్కాడు.

పోలీసాయన తుపాకీ ఎత్తాడు. "ఎవడ్రా మిమ్మల్ని పిలిచేది?"

"మాకేం ఇనపల్లేదు సార్," అన్నాడు నాయన.

శీను మళ్లీ పిలిచాడు, ఇంకా దగ్గర నుంచి. పలికితే నన్నూ అక్కడే పడేస్తారు. పలక్కపోతే వాడు వెతుక్కుంటూ నా దగ్గరికే వస్తాడు. దేనికి ఎక్కువ భయపడ్డానో ఇప్పటికీ చెప్పలేను.

పోలీసులు వాగంతా గాలించి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. వాళ్లూ విన్నారు కాబట్టే అది నా భ్రమ అని సరిపెట్టుకోలేకపోతున్నాను.

ఇంటికొచ్చాక నాయన మంచం మీద కూలబడ్డాడు. "పలక్కుండా మంచి పని చేసినావురా. వాడు నాయనా అని పిలిచినాడంటే మాత్రం నేను పలుకుతా. కాల్చుకుంటే కాల్చుకోనీ," అన్నాడు.

గేటు తీసేసి ఏళ్లయింది. నాయన పోయేదాకా మధ్యాహ్నం పూట అరుగు మీద కూర్చుని వాగు వైపే చెవి పెట్టేవాడు. ఆ పిలుపు ఏమిటో, ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. గిద్దలూరు బస్టాండులో ఎవరైనా అన్నా అంటే వెంటనే పలుకుతాను. అడవి వైపు నుంచి వినబడితే మాత్రం, నా మణికట్టు నేనే పట్టుకుంటాను.