నానీ పెట్టిన పొగ

దీవిలో దిగేసరికి ఉదయం ఏడు. సన్నటి వాన. వీపున కిట్ బ్యాగు, చేతిలో వైర్‌లెస్ సెట్టు పెట్టె. ఒడ్డున కెప్టెన్ ఉంటాడు, ఆయనే పోస్టుకు తీసుకెళతాడని మాకు ఆర్డరు. జెట్టీ మీద నిక్కరు వేసుకున్న ముసలాయన ముందుకొచ్చి "నేనే కెప్టెన్" అన్నాడు. నేను కాలు నేలకేసి కొట్టి సెల్యూట్ చేశాను. జెట్టీ మీదున్న ఊరంతా నవ్వింది. నికోబార్‌లో ఊరిపెద్దను కెప్టెన్ అంటారని నాకెవరు చెప్పారు?

ఊరంతా అంటే నిజంగా ఊరంతా. ఓడ వచ్చిందంటే నడవగలిగినవాళ్లందరూ జెట్టీ మీదే. ఇప్పుడు నేను అబిడ్స్‌లో ఒక బట్టల షాపు గేటు దగ్గర డ్యూటీ చేస్తున్నాను. ఆదివారం సాయంత్రం ఆ గేటు దాటే జనంలో సగం కూడా ఉండరు ఆ దీవివాళ్లు. పొద్దున టీ తాగి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి దీవి చుట్టి రావచ్చు. నడుమ ఒక గుట్ట. చుట్టూ నీళ్లలో పగడపు రాళ్లు, ప్రహరీ కట్టినట్టు. ఆ ప్రహరీకి ఒకటే సందు. ఏ పడవైనా అందులోంచే రావాలి.

సునామీ ఏడాది ఒడ్డునున్న ఊరు కొట్టుకుపోయింది. మిగిలినవాళ్లు గుట్ట మీదికి మారారు. మా పోస్టు వాళ్లకంటే పైన. కింద మిగిలింది ఒకటే పొయ్యి, నానీది. ఆ ముసలమ్మను మేమందరం హిందీలో నానీ, అంటే అమ్మమ్మ, అనేవాళ్లం. ఇల్లు పైనే ఉన్నా, భర్త చేపల వేటకు పోయిన రోజు ఆమె కిందికి దిగి పచ్చి కొబ్బరి పీచు రాజేసి పొగ పెట్టేది. ఆ పొగ వెనక, వాలులో, సునామీకి తల తెగిన కొబ్బరి మాను ఒకటి నిలబడి ఉంది. సముద్రంలోంచి చూసేవాడికి పొగ, మాను ఒకదాని వెనక ఒకటి కనబడితే పడవ సందుకు ఎదురుగా ఉన్నట్టు. పక్కపక్కన కనబడితే రాళ్ల మీదికి పోతున్నట్టు. కెప్టెన్ మొదటి వారమే నన్ను పడవెక్కించి ఇది చూపించాడు.

ఆదివారాలు వాళ్ల చర్చికి పోయేవాణ్ని. పాటలో ఒక్క మాటా తెలియదు. రాగం మాత్రం అబిడ్స్ చర్చిలో చిన్నప్పుడు మా అమ్మ పక్కన నిలబడి పాడిందే. మొదటి ఆదివారం ఇంటి మీద మనసు పోయి అన్నం సయించలేదు.

వాన కాలం మొదట్లో ఒకరోజు మధ్యాహ్నం పన్నెండుకు సెట్టు మోగింది.

"తుఫాను దారి మార్చింది. మూడింటికల్లా ఒడ్డు ఖాళీ చేయించండి. ఓవర్."

ఒడ్డున ఉన్నది నానీ ఒక్కతే. భర్త తెల్లవారుజామున పడవేసుకుని పోయాడు, ఇంకా రాలేదు. హవల్దారు, నేను, వంటవాడు దిగాం. అలలు అప్పటికే పొయ్యి దగ్గరిదాకా నాలుక చాస్తున్నాయి. మాదీ ఆమెదీ వచ్చీరాని హిందీ.

"పైకి పద నానీ," అన్నాడు హవల్దారు.

"పొగ?"

"పైన పెట్టుకో."

ఆమె మానును చూపించింది, సముద్రాన్ని చూపించింది, తల అడ్డంగా ఊపింది. పొగ పక్కకు జరిగితే ఆమె భర్త నేరుగా రాళ్ల మీదికి వస్తాడు. మోసుకుపొమ్మంటే మోసుకుపోగలం, గుప్పెడు మనిషి. కానీ ఆ తర్వాత ఆయన సంగతేంటి?

హవల్దారు మానును, దాని వెనక గుట్టను చూశాడు. "పొగనూ మానునూ కలిపే ఈ గీతనే పైకి లాగితే? ముందు మాను, వెనక పొగ?"

నానీ కూడా పొయ్యి దగ్గర నిలబడి ఒక కన్ను మూసి చూసింది. మాను వెనక, గుట్ట మీద, సరిగ్గా ఆ గీతలో ఉన్నది మా వంటశాల. పోస్టులో పొగ రాకూడదని గట్టి ఆర్డరు. అందుకే మాకు గ్యాసు. వంటవాడు మెదక్‌వాడు, తెలుగులో నా చెవిలో అన్నాడు. "అన్నా, హవల్దార్ సాబ్ నౌకరికి వస్తది గిది."

హవల్దారు మొహం తుడుచుకున్నాడు. "పెట్టండి. అడిగితే నేను చెప్పుకుంటాను."

నేను సెట్టుతో పైకి పరుగెత్తాను. ఆయన ఇంకో సెట్టు పట్టుకుని పొయ్యి దగ్గరే నిలబడ్డాడు, మోకాళ్లదాకా నీళ్లలో.

"ఎడమకు. ఇంకొంచెం. ఆగు. అక్కడే. ఓవర్."

మూడుకు పది నిమిషాలుండగా వంటశాల గోడ పక్కన పీచు రాజుకుంది. హవల్దారు నానీని తీసుకుని పైకి వచ్చాడు. వాన పెద్దదైంది. పోస్టులోని ఇంకో జవానుతో కలిసి నలుగురం నాలుగు మూలలు పట్టుకుని నిప్పు మీద టార్పాలిన్ ఎత్తాం. చేతులు తిమ్మిరెక్కాయి. వంటవాడు దగ్గుతూ, కండ్లు తుడుచుకుంటూ, "గింత పొగల మా అమ్మ గూడ వండలే," అని గొణిగాడు. హవల్దారు తన రెయిన్ కోటు నానీ భుజాల మీద వేశాడు. ఆమె మా అన్నం ప్లేటుతో విసురుతూ సముద్రాన్నే చూసింది.

ఐదున్నరకు ఆమె చెయ్యి ఆగింది. బైనాక్యులర్స్‌లో నాకింకా ఏమీ దొరకలేదు. కాసేపటికి దొరికింది, అలల మీద ఒక నల్లటి పుల్ల. అటు ఊగింది, ఇటు ఊగింది, మానుకు ఎదురుగా వచ్చి నిలకడగా సందులో దూరింది. వంటవాడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, పొగ అని చెప్పుకున్నాం.

ముసలాయన పైకి వచ్చాక నానీ ఆయన్ని ముట్టుకోలేదు. ఆపకుండా తిట్టింది. తిడుతూనే కొబ్బరికాయ కొట్టి చేతికిచ్చింది. పొగ సంగతి పైవాళ్లు అడిగారు, హవల్దారు చెప్పుకున్నాడు, నాలుగు చీవాట్లతో పోయింది.

రెండేళ్లకు దీవిలో డ్యూటీ ముగిసింది. నాంపల్లి స్టేషన్లో రైలు దిగాను. ఉదయం, ఇసుక వేస్తే రాలని జనం. నా భార్య కరుణ ఎప్పటిలా టీ స్టాలు పక్క స్తంభానికి ఆనుకుని ఉంది. కూలీలు, ట్రాలీలు ఆమెను ఒరుసుకుంటూ పోతున్నాయి. ప్రతి సెలవుకూ ఇంతే. బయట గేటు దగ్గర ఉండమని ఎన్నిసార్లు చెప్పినా వినదు.

"ఈ తొక్కులాటల నిలబడుడు ఎందుకే? జర పక్కకు జరగొచ్చు గదా," అన్నాను.

"నువ్వు దిగంగనే గీ స్తంభం దిక్కే చూస్తవ్ గదా. నేను జరిగితే నన్ను యాడ దేవులాడుతవ్?"

ఇన్నేళ్లూ అది మొండితనం అనుకున్నాను. ఆమె చెయ్యి పట్టుకుని నడుస్తుంటే కళ్ల ముందు స్టేషన్ లేదు. భుజాల నుంచి జారుతున్న హవల్దారు రెయిన్ కోటు, మా స్టీలు ప్లేటుతో విసురుతున్న నానీ, ఆమె చూస్తున్న ఖాళీ సముద్రం.