బాబాయి పోటు కర్రలు

మా బాబాయికి ఒకటే జబ్బు. నిలబడి ఉన్నది ఏది కనిపించినా, అది పడిపోతుందని నమ్మేస్తాడు. నమ్మి ఊరుకుంటే బాగానే ఉండేది. వెంటనే ఆసరాగా దాని కింద పోటు కర్ర పెడతాడు. పుస్తకాల అలమర కింద ఒకటి, గోడ గడియారం కింద ఒకటి. ఓసారి పిన్ని అలిగి గడపలో నిలబడితే, ముందు గుమ్మానికి పోటు పెట్టి ఆ తర్వాత బతిమాలాడు.

అలాంటి మనిషి చేతికి మా పాత ఇల్లు బాగు చేయించే పని దొరికింది. జారిపడ్డ దగ్గర్నుంచి అమ్మమ్మ మంచం దిగడం లేదు. చెయ్యి అందిస్తే, తనేమైనా పసిపిల్లా అని ముఖం తిప్పుకునేది. ఇక నడవదని అందరం అనుకున్నాం. చక్రాల కుర్చీ పట్టేలా ఆవిడ గది గుమ్మం వెడల్పు చేయించాలన్నారు. చూస్తే గుమ్మం మీది దూలం పుచ్చిపోయి ఉంది. పైనున్న ఇటుకలు అలవాటు కొద్దీ నిలబడి ఉన్నాయి.

మేస్త్రీ గునపం ఎత్తగానే బాబాయి అడ్డం పడ్డాడు. దూలానికి పైన గోడకు కంతలు కొట్టించి, అడ్డ దుంగలు దూర్పించి, వాటికి రెండు వైపులా పోట్లు బిగించాకే దూలాన్ని ముట్టనిచ్చాడు. ఆ ఒక్కసారికి మేస్త్రీ కూడా సరేనన్నాడు.

కొత్త కాంక్రీటు దూలం గట్టిపడింది. పోట్లు తీస్తానని మేస్త్రీ అంటే బాబాయి వద్దన్నాడు. పైగా మర్నాడు నడవలో నేల నుంచి కప్పు దాకా ఇంకో కర్ర లేచింది. తర్వాత మరోటి. అలా స్నానాల గది దాకా, గుమ్మమూ కిటికీ లేని గోడల పక్కన కూడా. చక్రాల కుర్చీ వచ్చింది గానీ కర్రల మధ్య దూరక ముందుగదిలోనే ఉండిపోయింది.

పిన్ని తల పట్టుకుంది. "అక్కడ పైన ఏముందని ఈ కర్రలు?"

"ఇల్లుంది," అన్నాడు బాబాయి.

ఓ మధ్యాహ్నం ఆయన అమ్మమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. "అత్తయ్యగారూ, ఈ కర్ర వదులైనట్టుంది. సుత్తి తెచ్చేదాకా కాస్త పట్టుకుంటారా?"

ముందురోజే దానికి నా నుదురు కొట్టుకుంది. వదులై ఉంటే నాకు తెలిసేది.

తను లేకపోతే ఈ ఇంట్లో ఏదీ నిలబడదని గొణుక్కుంటూ అమ్మమ్మ మంచం దిగి, పక్కనే ఉన్న ఆ కర్ర పట్టుకుంది. సుత్తికి వెళ్ళిన మనిషి ఎంతకీ రాడు. ఈలోగా పక్క కర్ర మీద ఆవిడకే అనుమానం వచ్చింది. చెయ్యి చాచింది. అందింది. దాని పక్కదీ అందింది. బాబాయి వంటింటి తలుపు వెనక సుత్తి పట్టుకుని చూస్తున్నాడు. ఆ క్షణంలో నాకు ఆ మనిషి మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

ఇప్పుడు అమ్మమ్మ రోజూ కర్రలన్నీ తనిఖీ చేస్తూ ఇల్లంతా తిరుగుతోంది. చక్రాల కుర్చీలో పిన్ని ఉతికిన బట్టలు వేస్తోంది. మొన్న అమ్మమ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

"గోడలకేం కాదని నాకు తెలుసురా. అల్లుడుగారితో మాత్రం అనకు. పాపం, బెంగపెట్టుకుంటారు."